గుట్ట మీది ట్యాంకు ఫైలు

ఇంట్లో ఆమెకు 'ఇంకోసారి' అని పేరు. పెట్టింది అక్క. చిన్నప్పుడు ఇద్దరూ కలిసి బడికి బయల్దేరితే, వీధి మలుపు దాకా వెళ్ళాక ఈమె ఠక్కున ఆగిపోయేది. తాళం పడిందో లేదో ఇంకోసారి చూసొస్తానని వెనక్కి పరిగెత్తేది. అక్క పుస్తకాల సంచీ ఈ భుజం మీది నుంచి ఆ భుజం మీదికి మార్చుకుంటూ రోడ్డు మీద నిలబడేది. పెళ్ళయ్యాక ఆ పేరు అక్క నోటి నుంచే భర్తకూ చేరింది. ఆయన పార్సిళ్ళు చేరవేసే వ్యాను నడుపుతాడు, మాటకారి. ఆఫీసుకు ఫోన్ చేసినప్పుడల్లా "మా ఇంకోసారి సీట్లో ఉందాండీ?" అని అడిగేవాడు. ఫోన్ ఎత్తినవాళ్ళు తికమకపడితే అదొక సంబరం ఆయనకు.

ఆమెకు మాత్రం అది నవ్వులాట కాదు. గ్యాస్ కట్టేశానా, ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీశానా అన్న అనుమానం ఒకసారి తల ఎత్తిందంటే పొట్టలో ఎవరో పిడికిలి బిగించినట్టు ఉండేది. వెళ్ళి చూస్తే వదిలేది. కాసేపటికి మళ్ళీ బిగిసేది. చుట్టుపక్కలవాళ్ళు దాన్ని జాగ్రత్త అనుకుని మెచ్చుకునేవాళ్ళు. జాగ్రత్త అయితే ఎక్కడో ఒకచోట ఆగాలి కదా, తనది ఆగదని ఆమెకు తెలుసు.

ఊరికి మంచినీళ్ళు ఇచ్చే సంస్థలో ఆమె ఉద్యోగం. టైపిస్టుగా చేరింది. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చినప్పుడు వాటిని ముట్టుకోవడానికి అందరూ వెనకాడుతుంటే, పాడు చేస్తానేమోనన్న భయంతోనే ఆమె వాటి పుస్తకాలన్నీ చదివేసింది. అలా కంప్యూటర్ల విభాగంలోకి వచ్చి పడింది. ఒకప్పుడు పైపులు దాచిన గది అది. ఎన్ని రంగులు వేసినా గోడల్లోంచి తుప్పు వాసన పోదు. సర్వర్ల కోసం ఎప్పుడూ ఏసీ తిరుగుతూ ఉంటుంది కాబట్టి ఎండాకాలంలో కూడా ఆమె స్వెట్టర్ వేసుకుని కూర్చుంటుంది. కిటికీలోంచి చూస్తే నీళ్ళు వడకట్టే తొట్లు, వాటి గట్ల మీద నడిచే కొంగలు.

ఊళ్ళో అక్కడక్కడా పంపుహౌసులు ఉన్నాయి. ఒక్కొక్క దాంట్లో గోడకు బిగించిన ఇనప పెట్టెలో ఒక చిన్న సర్వర్ ఉంటుంది. ట్యాంకులో నీళ్ళు ఎంత మట్టానికి దిగితే మోటారు వెయ్యాలో, ఎంత మట్టానికి ఎక్కితే ఆపాలో అదే చూసుకుంటుంది. ఆ లెక్కలు దానికి చెప్పేది ఒక సెట్టింగుల ఫైలు. కాగితాల మీద ఆ యంత్రాలకు పొడుగాటి పేర్లు ఉన్నా, ఆఫీసులో మాత్రం వంతెన, పాత మార్కెట్టు, రైలుగేటు, గుట్ట అనే పిలిచేవాళ్ళు. 'వంతెన పడుకుంది', 'రైలుగేటు మొండికేసింది' అని ఇంట్లో పిల్లల గురించి చెప్పుకున్నట్టు చెప్పుకునేవాళ్ళు.

వాటన్నిటినీ పెంచి పెద్ద చేసిన మనిషిని అందరూ పెద్దాయన అనేవారు. ఏదైనా మార్చాలంటే ఆయన స్కూటరేసుకుని పంపుహౌసుకు వెళ్ళి, ఇనప పెట్టె తెరిచి, మోకాళ్ళ మీద కీబోర్డు పెట్టుకుని అక్కడికక్కడ ఫైలు దిద్దేవారు. ఏ యంత్రంలో ఏది ఎందుకు దిద్దారో ఆయన బుర్రలోనే ఉండేది. ఎవరైనా అడిగితే విసుక్కోకుండా చెప్పేవారు. అసలు అడగాలని ఎవరికీ తోచేది కాదు. చివరికి ఆయన రిటైరయ్యారు. ఆ స్కూటరూ వెళ్ళిపోయింది.

తర్వాత వచ్చిన మేనేజరు చురుకైనవాడు. మనుషులు ఊరంతా తిరిగి ఫైళ్ళు దిద్దడమేమిటని, కూర్చున్న చోటి నుంచే అన్ని యంత్రాలనూ సరిచేసే సాఫ్ట్‌వేర్ తెప్పించాడు. ఆ పని ఆమె చేతికి వచ్చింది. నేర్చుకోవడం మొదలుపెట్టాక అది ఆమెకు తెగ నచ్చింది. దాని పద్ధతి ఇదీ. అందరికీ కలిపి ఒక మూస ఉంటుంది. ఒక్కొక్క యంత్రానికి దాని పేరు మీద ఒక చిన్న ఫైలు ఉంటుంది. ఆ యంత్రానికి మిగతావాటితో తేడా ఎక్కడుందో అంతవరకే ఆ చిన్న ఫైలులో రాయాలి. సాఫ్ట్‌వేర్ మూసనూ చిన్న ఫైలునూ కలిపి, ఏ యంత్రానికి కావలసిన సెట్టింగుల ఫైలును దానికి తయారుచేసి, తీసుకెళ్ళి పెట్టేస్తుంది. చిన్న ఫైలులో ఏమీ రాయకపోతే మూసలో ఉన్న లెక్కే దానికీ వర్తిస్తుంది. అంతకన్నా ముఖ్యం, ఏదీ నిజంగా మార్చకుండా 'ఇలా చేస్తే ఎక్కడెక్కడ ఏమేం మారుతుంది' అని ముందే చూపించమని దాన్ని అడగొచ్చు. ఎన్నిసార్లడిగినా విసుక్కోదు. ఇన్నాళ్ళకు తన స్వభావానికి తగిన తోడు దొరికిందనుకుంది ఆమె.

అలా అడిగినప్పుడు తెర నిండా తేడాలు వచ్చిపడ్డాయి. పెద్దాయన చేతిపని అది. ఒకచోట అదనంగా ఖాళీ గీత, ఒకచోట పాత ఫోన్ నంబరు. చాలావరకు పనికిమాలిన తేడాలు. కొన్ని పనికొచ్చేవి. రైలుగేటు మోటారు పాతది కాబట్టి దానికి విశ్రాంతి ఎక్కువ ఇచ్చి ఉంది. వంతెన దగ్గర వోల్టేజీ సరిగ్గా ఉండదు కాబట్టి మోటారు ఆగి ఆగి మొదలవుతుంది. ఒక్కొక్కదాన్నీ పంపుహౌసు మనుషుల్ని అడిగి, కారణం తెలుసుకుని, ఆ యంత్రం పేరు మీద చిన్న ఫైలు రాసుకుంటూ వచ్చింది. అన్నీ తేలాయి, గుట్ట ఒక్కటీ తప్ప.

గుట్ట మీది ట్యాంకు స్తంభాల మీద నిలబెట్టింది కాదు. వాలును చదును చేసి కింది మీటరు నేలలోకి దించి కట్టిన పెద్ద కాంక్రీటు తొట్టి. మిగతాచోట్ల ఉన్నవీ అలాంటివే, ఒకే నమూనా, ఒకే కాంట్రాక్టరు కట్టినవి. వాటన్నిట్లో నాలుగున్నర మీటర్లు నిండాక మోటారు ఆగుతుంది. గుట్టలో మూడు మీటర్లకే ఆగిపోతోంది. ఎందుకో ఎవరికీ తెలియదు. అక్కడి ఆపరేటరు కొత్తవాడు. తాను వచ్చినప్పటి నుంచీ అంతేనన్నాడు.

ఆమె పెద్దాయన ఇంటికి వెళ్ళింది. ఆయన కూతురి దగ్గర ఉంటున్నారు. బాల్కనీలో కుర్చీ వేసుకుని, మొక్కల కుండీల మధ్య కూర్చుని ఉన్నారు. ఆమెను గుర్తుపట్టి సంతోషించారు. రైలుగేటు మోటారు ఇంకా అలాగే మూలుగుతోందా అని అడిగి, ఆ మూలుగు నోటితో చేసి మరీ వినిపించారు. గుట్ట సంగతి అడిగేసరికి ఆయన ముఖం మారింది. "మూడు మీటర్లా? నేనే పెట్టానా?" అని చాలాసేపు చేతులు నలుపుకుంటూ కూర్చున్నారు. ఏదో అందబోయి జారిపోతున్నట్టు పెదవులు కదిలించారు. చివరికి, "ఎందుకో తగ్గించానమ్మాయ్. ఊరికే తగ్గించను కదా" అన్నారు. కూతురు బయటికి వచ్చి, ఈమధ్య నాన్నకు ఇలాగే ఉంటోందని, గుర్తురాకపోతే రాత్రంతా అదే పట్టుకుని నలిగిపోతారని, ఇక అడగొద్దని మెల్లగా చెప్పింది. ఆమె లేచి వచ్చేసింది.

గుట్ట పేరు మీద చిన్న ఫైలు తయారుచేసి, మూడు మీటర్లు అని ఒక్క గీత రాసిపెట్టింది. మేనేజరుకు అది నచ్చలేదు. ట్యాంకు నిండకముందే మోటారు ఆగిపోవడం వల్ల గుట్టకు అటువైపు వీధులకు నీళ్ళు సరిగ్గా ఎక్కడం లేదు. అక్కడి వాళ్ళు ఫిర్యాదుల సెక్షనుకు రోజూ ఫోన్లు చేస్తున్నారు. అందులో ఒకావిడ గొంతు ఫిర్యాదులు రాసుకునే గుమాస్తాకు ఎంత అలవాటైపోయిందంటే, ఫోన్ మోగగానే అదిగో ఆవిడే అనేవాడు. కారణం లేని నంబరును పట్టుకుని ఎన్నాళ్ళు వేలాడతాం, పెద్దాయన ఏదో పరధ్యానంలో కొట్టి ఉంటారు, తీసెయ్యండమ్మా అన్నాడు మేనేజరు. కట్టడాల ఇంజినీరును ఒకసారి తీసుకెళ్ళి ట్యాంకు చూపిద్దామని ఆమె అడిగింది. వాళ్ళకు చేతినిండా పని ఉందని, వాళ్ళు వచ్చేసరికి వానాకాలం వచ్చేస్తుందని అన్నాడు. దానికి బదులు ఒక ఉపాయం చెప్పాడు. నంబరు మార్చాక మట్టం ఎలా పెరుగుతుందో ఆమె తెర మీద చూస్తూనే ఉంటుంది. ఏ కాస్త తేడా వచ్చినా వెంటనే వెనక్కి తిప్పెయ్యొచ్చు. ఇందులో ప్రమాదమేముంది?

అయినా ఆమె చాలా రోజులు ఆ గీత తీయలేదు.

తీయించింది ఆమె కూతురు. హైస్కూల్లో ఉంది ఆ పిల్ల. పరీక్ష రోజు క్షేమంగా చేరిందో లేదోనని ఈమె బడికి ఫోన్ చేసింది. హాల్‌టికెట్టు బ్యాగులో పెట్టుకుందో లేదోనని మళ్ళీ చేసింది. టీచరు అది క్లాసులో అందరి ముందూ చెప్పింది. సాయంత్రం పిల్ల ఏడుస్తూ రాలేదు, అరుస్తూ రాలేదు. అన్నం దగ్గర తల వంచుకుని, "అమ్మా, నువ్వు భయపడితే నాకు కూడా పట్టుకుంటోంది. ఇవాళ పెన్ను పట్టుకుంటే చెయ్యి వణికింది" అంది. భర్త ఏదో జోకు వేయబోయి మానేశాడు.

ఇన్నాళ్ళూ తన భయం తన పొట్టలోనే ఉందనుకుంది ఆమె. అది పక్కకు పాకుతోందని తెలియలేదు. ఇక మీదట దేన్నైనా ఒక్కసారే చూస్తానని, రెండోసారి వెళ్ళనని తనకు తాను ఒట్టు పెట్టుకుంది. మర్నాడు పొద్దున ఇంటికి తాళం వేసి, వీధి మలుపు దగ్గర పిడికిలి బిగుసుకుంటున్నా వెనక్కి తిరగకుండా బస్సెక్కింది. ఆఫీసుకు వెళ్ళగానే అదే ఊపులో గుట్ట పేరు మీది చిన్న ఫైలు తెరిచి, ఆ ఒక్క గీతా చెరిపేసింది. మేనేజరుకు చెప్పింది. ఆయన శభాషన్నాడు.

అన్ని యంత్రాలకూ ఒకేసారి ఫైళ్ళు పంపించమని సాఫ్ట్‌వేర్‌కు చెప్పింది. తెర మీద పేర్లు ఒక్కొక్కటే పచ్చగా వెలిగాయి. వంతెన అయింది. పాత మార్కెట్టు అయింది. రైలుగేటు అయింది. గుట్ట దగ్గర మాత్రం ఎర్రగా, 'చేరుకోలేకపోయాను' అని వచ్చింది. గుట్ట మీదికి వెళ్ళే నెట్‌వర్కు లైను గట్టిగా గాలి వీస్తే తెగిపోతుంటుంది, అది కొత్తేమీ కాదు. ఆమెకు నిజానికి హాయిగా అనిపించింది. గుట్ట ఇవాళ్టికి తప్పించుకుంది. లైను వచ్చాక చూసుకోవచ్చు. లైను బాగుచేసేవాళ్ళకు కబురు చేసి, వేరే పనిలో పడింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక గుమాస్తా నవ్వుకుంటూ లోపలికి వచ్చాడు. రోజూ తిట్టే గుట్ట వెనక వీధి ఆవిడ ఫోన్ చేసిందట. ఫిర్యాదు చేయడానికి కాదు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేనంత జోరుగా ఇవాళ పంపులో నీళ్ళొస్తున్నాయని, ఎవరు చేశారోగాని చల్లగా ఉండమని చెప్పిందట. "మీకే అక్కా ఆ దీవెన, తీసుకోండి" అన్నాడు.

ఆమెకు మొదట అర్థం కాలేదు. గుట్ట పేరు ఇంకా ఎర్రగానే ఉన్న తెర వైపు తిరిగింది. గుట్టకు ఫైలు చేరకపోతే నీళ్ళు జోరుగా ఎలా వస్తాయి? చేరింది. సాఫ్ట్‌వేర్ ముందు ఫైలు తీసుకెళ్ళి అక్కడ పెడుతుంది, తర్వాత 'అయింది' అని వెనక్కి కబురు చెబుతుంది. లైను ఆ రెండింటి మధ్య తెగింది. కబురు రాలేదు కాబట్టి పని జరగలేదనుకుంది. అక్కడ గుట్ట కొత్త లెక్క ప్రకారం పొద్దుటి నుంచీ నీళ్ళు ఎక్కిస్తూనే ఉంది. మూడు మీటర్లు దాటి ఎంతసేపైందో తెలియదు. తెర మీద చూస్తూ కూర్చుంటాం, తేడా వస్తే తిప్పేస్తాం అన్న ఉపాయంలో ఇప్పుడు చూడటమూ లేదు, తిప్పడమూ లేదు.

గుట్ట ఆపరేటరుకు ఫోన్ చేసింది. మోగింది, ఎత్తలేదు. మోటారు రొదలో వినిపించదు. మళ్ళీ చేసింది. మేనేజరు మీటింగుకు వెళ్ళాడు, ఆయన ఫోన్ ఆపేసి ఉంది. ఆఫీసు జీపు లైను బాగుచేసేవాళ్ళు తీసుకెళ్ళారు, వాళ్ళింకా వేరే పేటలోనే ఉన్నారు. 'ఊరికే తగ్గించను కదా' అన్న పెద్దాయన గొంతు చెవిలో జోరీగలా తిరుగుతోంది. ఆమె భర్తకు ఫోన్ చేసింది. ఎక్కడున్నారని అడిగింది. ఆ గొంతు వినగానే ఆయన జోకులు మానేసి, పక్క వీధిలోనే ఉన్నాను, గేటు దగ్గరికి రా అన్నాడు.

వ్యాను నిండా అట్టపెట్టెలు. మలుపు మలుపుకూ అవి ఒకదానికొకటి రాసుకుని చప్పుడు చేస్తున్నాయి. ఆమె ఒళ్ళో ఫోన్ పెట్టుకుని నొక్కుతూనే ఉంది, అటు ఎవరూ ఎత్తడం లేదు. మధ్యలో ఒక లారీ అడ్డంగా ఆగి ఉంటే భర్త దిగి వెళ్ళి డ్రైవరుతో మాట్లాడి తీయించాడు. మళ్ళీ ఎక్కాక, "ఏమీ అయ్యుండదులే" అన్నాడు. ఎప్పుడూ అనే మాటే, కానీ ఈసారి ఆయనే దాన్ని నమ్మనట్టుగా వినిపించింది.

"ఏమీ అయ్యుండకపోవచ్చండీ. చూడందే ఎలా తెలుస్తుంది?" అంది.

గుట్ట మీద ఆపరేటరు పంపుహౌసు బయట నీడలో నిలబడి సైకిలు తుడుచుకుంటున్నాడు. మేడం స్వయంగా వచ్చిందని కంగారుపడి, అంతా బాగానే ఉంది, ట్యాంకు ఎప్పుడూ లేనంత నిండిందని సంతోషంగా చెప్పాడు. లోపల గోడ మీది మట్టం చూపించే గొట్టంలో నీళ్ళు నాలుగు మీటర్ల గీతకు చేరువలో ఉన్నాయి. మోటారు ఇంకా తిరుగుతూనే ఉంది.

ఆమె ట్యాంకు చుట్టూ నడిచింది. మూడు వైపులా గోడ పొడిగా, ఎండకు వేడిగా ఉంది. నాలుగోవైపు, వాలు వైపు, ముళ్ళకంపల మధ్య నుంచి దూరి వెళ్ళి చూసింది. తల కన్నా కాస్త ఎత్తులో గోడ రంగు ముదురుగా ఉంది. ఆ చివరి నుంచి ఈ చివరికి అడ్డంగా ఒక తడి చార. రంగు పొర బుడగలా ఉబ్బి ఉంది. ఆమె చెయ్యెత్తి వేలితో తాకింది. బుడగ చిట్లి నీళ్ళు మోచేతి దాకా కారాయి. కిందికి చూసింది. ఆ గోడకు సరిగ్గా కింద, వాలు మీద, రేకుల కప్పుల ఇళ్ళ వరస. తీగల మీద బట్టలు ఆరుతున్నాయి. ఒకింటి అరుగు మీద ఎవరో ముసలామె కుర్చీలో కునుకు తీస్తోంది.

ఆమె పరిగెత్తుకొచ్చి మోటారు ఆపే ఎర్ర బటన్ నొక్కింది. రొద ఒక్కసారిగా ఆగిపోయేసరికి చెవులు గింగురుమన్నాయి. ఆపరేటరు ఎవరు ఆపమన్నారని అడిగాడు, రాసుకోవాలి కదా అన్నాడు. "నేనే. నా పేరు రాసుకో. నీళ్ళు బయటికి వదిలే వాల్వు ఎక్కడ?" అంది. అది తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంది. ఇద్దరూ కలిసి చక్రాన్ని పట్టుకుని తిప్పితే కదలలేదు. ఆపరేటరు ఇనప గొట్టం తెచ్చి చక్రంలో దూర్చి వేలాడితే కిర్రుమని కాస్త తిరిగింది. గుట్టకు రెండోవైపున కాలవలోకి నీళ్ళు దూకిన చప్పుడు వినిపించింది.

ఈలోగా భర్తను కిందికి పంపింది. గోడ కింద ఇళ్ళవాళ్ళను కాసేపు పక్కకు రమ్మని చెప్పాలి. ఆయన ఒక్కో గుమ్మం ముందు నిలబడి, తన మాటకారితనమంతా వాడి, ట్యాంకు బాగుచేస్తున్నారని, నీళ్ళు చింది సామాన్లు తడుస్తాయని చెప్పాడు. కొందరు వచ్చారు. కొందరు ఎవడివయ్యా నువ్వు అని కసిరారు. ముసలామెను మాత్రం కుర్చీతో సహా ఎత్తుకుని రోడ్డుకు అవతల దించాడు. ఆమె నిద్ర లేచి ఇల్లు ఏదని అడిగిందట.

తర్వాత చేయగలిగింది ఏమీ లేదు. గొట్టంలో నీళ్ళు దిగడం కోసం చూడటమే. కంటికి కనిపించనంత మెల్లగా దిగుతున్నాయి. ఒకసారి వాలువైపు నుంచి పెటిల్లుమని వినిపించింది. వెళ్ళి చూస్తే అరచెయ్యంత పెచ్చు ఊడి కిందపడింది. ఆ చోటి నుంచి దారంలా సన్నగా నీళ్ళు ముందుకు చిమ్ముతున్నాయి. ఆ దారం లావెక్కుతుందా, అలాగే ఉంటుందా అని ఆమె రెప్ప వేయకుండా చూసింది. ఆపరేటరు ఆమె పక్కన నిలబడి ఏదో గొణుక్కుంటున్నాడు. చాలాసేపటికి దారం వంగింది. ఇంకా వంగి గోడను అంటుకుంది. మూడు మీటర్లకు దిగేసరికి ఆగిపోయింది. అప్పుడు ఆమె నేల మీద కూర్చుండిపోయింది. చేతులకు ముళ్ళు గీరుకున్నాయని అప్పుడే చూసుకుంది.

మర్నాడు కట్టడాల ఇంజినీరు వచ్చాడు. వానాకాలం దాకా ఆగలేదు. రంగు గీకితే గోడ పొడుగునా పాత పగులు, దానికి సిమెంటు మెత్తిన గుర్తు బయటపడ్డాయి. ఎన్నేళ్ళ కిందటో మెత్తారు. ఏ కాగితంలోనూ దాని ఊసు లేదు. పెద్దాయన అది చూసి, మరమ్మతు సరిగ్గా జరిగేదాకా అని మట్టం తగ్గించి ఉంటారు. ఆ మరమ్మతు జరగనే లేదు. ఆ నంబరు అలాగే ఉండిపోయింది. నాలుగున్నర దాకా నిండి ఉంటే గోడ నిలిచేదా అని ఆమె ఇంజినీరును అడిగింది. ఆయన టార్చిలైటుతో పగులు లోపలికి చూసి, "నిలిచేదేమో. కూలేదేమో కూడా. చెప్పలేనమ్మా" అన్నాడు. ఆ జవాబు ఆమెను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. కూలేదే అని ఉంటే తప్పు ఎంతదో తెలిసేది. నిలిచేదే అని ఉంటే ఊపిరి పీల్చుకునేది.

పైవాళ్ళు సంజాయిషీ అడిగారు. గీత చెరిపింది తనేనని, చెరిపే ముందు వెళ్ళి ట్యాంకు చూడలేదని, అన్ని యంత్రాలకూ ఒకేసారి పంపిందీ తనేనని ఆమె దాపరికం లేకుండా చెప్పింది. మేనేజరు పక్కన కూర్చుని పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. ఆయన తప్పుకుంటాడని ఆమె అనుకుంది, తప్పుకున్నా కోపం వచ్చేది కాదు. ఆయన గొంతు సవరించుకుని, "తీసెయ్యమన్నది నేనండీ. ఆవిడ ఇంజినీరును తీసుకెళ్దామంది. నేనే వద్దన్నాను" అన్నాడు. ఇద్దరికీ హెచ్చరిక కాగితాలు వచ్చాయి.

ఆమె పని పద్ధతి మార్చుకుంది. చిన్న ఫైలులో ఏ నంబరు రాసినా దాని పైన కారణం రాసి తీరాలి. కారణం లేని నంబరు కనిపిస్తే సాఫ్ట్‌వేర్ ముందుకు కదలకుండా మొరాయించేలా చేసింది. ఇప్పుడు అన్నిటికీ ఒకేసారి ఫైళ్ళు పోవు. ఒక యంత్రానికి పంపి, అది బాగుందని తెలిశాకే రెండోదాని జోలికి పోతుంది. 'చేరుకోలేకపోయాను' అని వస్తే జరగలేదని కాదు, తెలియదని అర్థం అని తన కింద పనిచేసేవాళ్ళకు చెప్పింది. గుట్ట పేరు మీది ఫైలులో ఇలా రాసింది: 'వాలువైపు గోడకు పగులు. ఇంజినీరు చూసి ఒప్పుకోకుండా పెంచకూడదు.' దాని కింద మూడు మీటర్లు.

జరిగిందంతా ఇంట్లో కూతురికి కూడా చెప్పింది. పిల్ల "అయితే నువ్వు భయపడటం మంచిదేనా?" అని అడిగింది. భయపడ్డ రోజుల్లో కూడా గుట్ట ఎక్కి చూడలేదు కదా, కుర్చీలో కూర్చునే భయపడ్డాను అంది ఆమె. ఆ తర్వాత ఆ మాటే ఆమె మనసులో మెదిలేది. బడికి ఫోన్లు చేయడం మానేసింది. పూర్తిగా అని కాదు గాని, చాలావరకు.

ఒక ఆదివారం పెద్దాయన దగ్గరికి వెళ్ళింది. అడగనని, చెప్పడానికే వచ్చానని ఆయన కూతురికి ముందే మాట ఇచ్చింది. బాల్కనీలో ఆయన పక్కన కూర్చుని, గుట్ట గోడకు పగులుందని, అందుకే మీరు మట్టం తగ్గించారని, దానివల్ల ఇన్నేళ్ళు ఆ కింద ఇళ్ళు క్షేమంగా ఉన్నాయని చెప్పింది. ఆయనకు గుర్తు వస్తుందేమోనని ముఖంలోకి చూసింది. రాలేదు. ఎవరో పరాయి మనిషి సంగతి వింటున్నట్టు శ్రద్ధగా విన్నారు. విని, "అయితే మంచి పనే చేశానన్నమాట" అన్నారు. చేతులు నలుపుకోవడం ఆపేసి, కుండీలోని ఎండుటాకులు ఏరడం మొదలుపెట్టారు.

గుట్ట గోడ బాగుచేయడానికి చాలా కాలం పట్టింది. అన్నాళ్ళూ వెనక వీధికి ట్యాంకర్లతో నీళ్ళు పంపారు. గోడ ఆరాక మట్టాన్ని రోజుకు కాస్త చొప్పున పెంచుకుంటూ పోయారు. ఆ రోజుల్లో ఆమె పొద్దున్నే బస్సులో గుట్టకు వెళ్ళేది. వాలువైపు కుర్చీ వేసుకుని, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, చిన్న ఫైలులో నంబరు మార్చి, ఆ ఒక్క యంత్రానికే పంపి, తల ఎత్తి గోడను చూస్తూ కూర్చునేది. ఇంజినీరు అటూ ఇటూ తిరిగేవాడు. ముళ్ళకంపలు కొట్టేసి అక్కడ దారి వేశారు. చివరిరోజు నీళ్ళు నాలుగున్నరకు ఎక్కి, మోటారు తనంతట తానే ఆగింది. గోడ పొడిగా ఉంది. ఆమె అరచేతితో ఆ చివరి నుంచి ఈ చివరిదాకా తడిమి చూసింది. ఇంజినీరు సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. ఆమె ల్యాప్‌టాప్ మూసి బస్సు కోసం కిందికి దిగుతుండగా ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. వంతెన దగ్గర మోటారు మొదలవడం లేదట. వస్తున్నానని చెప్పి, బస్సు ఎక్కి, కిటికీ పక్క సీటు చూసుకుని కూర్చుంది.